మీ అమ్మకి చెప్పు

సముద్రానికి కూడా గేటు పెట్టారంటే ఇంక వీళ్ళు దేనికి పెట్టరు అనుకుంటూ అతను గొడుగు కింద వాలుకుర్చీలో ఎటూ కాకుండా కూర్చున్నాడు. వెనక్కి వాలితే ఆకాశం తప్ప ఏమీ కనపడదు, నిటారుగా కూర్చుంటే తొడల కింద చెక్క కోసుకుంటుంది, మనిషిని కూర్చోనివ్వకుండా పడుకోనివ్వకుండా ఈ కుర్చీని కనిపెట్టిన మహానుభావుడెవరో గాని వాడికి సాటిమనిషి నడుమంటే బొత్తిగా లెక్కలేదు. మణికట్టుకి పసుపురంగు కాగితం పట్టీ ఒకటి, చెమటకి అంటుకుపోయి దురద పెడుతోంది. ఇక్కడ ఇళ్ళున్నవాళ్ళకి పట్టీలుండవు, వాళ్ళ మొహాలే వాళ్ళ పట్టీలు. చూడ్డానికొచ్చినవాళ్ళకి మాత్రం ఆస్పత్రిలో అప్పుడే పుట్టిన పిల్లలకి చుట్టినట్టు చుట్టి, ఎవరింటికొచ్చారో దాని మీద రాసి మరీ లోపలికి పంపుతారు, తప్పిపోతే తిరిగి అప్పజెప్పడానికి కాబోలు. గేటు దగ్గర కాపలావాడు కారు డిక్కీ తెరిపించి చూశాడు. ఏముంటాయి డిక్కీలో, ఒక మడతకుర్చీ, పెద్దావిడ మందుల సంచీ, నీళ్ళ సీసాలు. "వెళ్ళేటప్పుడు కూడా చూస్తారా? ఇసక ఎత్తుకుపోతామేమోనని?" అని అతనంటే కాపలావాడు నవ్వలేదు, పక్కసీట్లో భార్య నవ్వలేదు, ఫోనులోంచి తలెత్తని కూతురు అసలే నవ్వలేదు. వెనకసీట్లో కిటికీ వైపు నుంచి మాత్రం ముక్కుతో ఒక చిన్న నవ్వు వినబడింది. అది అత్తగారి నవ్వు. ఆ నవ్వు కోసమే అతనా మాట అన్నాడని ఆవిడకి తెలుసు, ఆవిడకి తెలుసని అతనికి తెలుసు, ఇద్దరూ మాత్రం చెరో కిటికీలోంచి చెరో వైపు చూశారు.

ఆవిడ ఇప్పుడు పైన, తోడల్లుడి తెల్లమేడలో ఉంది. ఒడ్డుకి తిరిగి ఉన్న మేడలన్నీ తెల్లవే, ఒకడు నీలం వేసుకుంటానంటే సంఘంవాళ్ళు కూర్చుని తీర్మానం చేసి వద్దన్నారట, దాన్ని తోడల్లుడు గేటు దగ్గర ఎదురొచ్చి ఇంటిదాకా గొప్పగా చెప్పుకొచ్చాడు. సొంతింటికి సొంతరంగు వేసుకునే దిక్కులేనివాడు అంత ఖర్చుపెట్టి ఇల్లెందుకు కొన్నట్టో. భార్య, మరదలు కలిసి ఆవిడకి గది చూపిస్తున్నారు. కింది అంతస్తులో, ఎండ పడే మూల, మెట్లు ఎక్కక్కర్లేని గది. ఆవిడకి నచ్చితే ఇవాళే ఉండిపోతుంది, బట్టలూ అవీ తరవాత పంపించుకోవచ్చు అన్నారు. నచ్చకపోతే మామూలుగా సాయంత్రం కారెక్కుతుంది. టీ వేళకి తేలిపోతుంది. టీ వేళ ఇక్కడ గంట కొట్టి చెబుతారట. ఇదంతా తనకి సంబంధం లేని వ్యవహారమైనట్టు అతను "నేను సామాన్లు చూస్తూ ఒడ్డున కూర్చుంటాను" అని వచ్చేశాడు. ఏం సామాన్లు? దొంగలెవరైనా రావాలన్నా పసుపుపట్టీ కట్టించుకుని రావాల్సిన చోట సామాన్లకి కాపలా ఒకటి.

పొద్దున్నే మిషనుతో ఇసకని దువ్వుతారట ఇక్కడ. నిజంగానే దువ్వినట్టు గీతలు గీతలుగా ఉంది, దాని మీద అడుగు వెయ్యాలంటే ఎవరి నెత్తిమీదో కాలు పెడుతున్నట్టు మొహమాటంగా ఉంది. గవ్వ అనేది లేదు, నాచు లేదు, పీత లేదు, పీతలకి కూడా పట్టీలు ఇవ్వలేదేమో. నడిచేదారి పొడుగునా బండరాళ్ళు పేర్చారు, దగ్గరికెళ్ళి చూస్తే అవి రాళ్ళు కావు, లోపల స్పీకర్లు, వాటిలోంచి సన్నగా సంగీతం, సంగీతం వెనక అలల చప్పుడు. పక్కనే ఇంత సముద్రం గొంతు చించుకుంటుంటే రికార్డు చేసిన అలలు వింటున్నారంటే పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టే ఉంది. అటు నుంచి ఒకావిడ కుక్కని నడిపించుకుంటూ వెళ్ళింది, కుక్క కాళ్ళకి నాలుగు బూట్లు, ఆవిడ కాళ్ళకి ఏమీ లేవు. అతనికి ఒక్కసారిగా ఉత్సాహం వచ్చింది. దీన్ని దాచుకోవాలి, సాయంత్రానికి పనికొస్తుంది అనుకున్నాడు. అనుకున్నాక, సాయంత్రం ఎవరికి చెప్పడానికి అన్న ప్రశ్న ఒకటి తోచింది.

దీనంతటికీ మూలం ఛాతీడాక్టరు. మేడమెట్లు వద్దు, ఊళ్ళో దుమ్ము వద్దు, సముద్రపు గాలి అయితే మంచిది అని ఓ మాట అనేశాడు. వాళ్ళకేం, అనేస్తారు, మందయితే షాపులో దొరుకుతుంది, గాలిని ఎక్కణ్ణుంచి తెస్తాం? అది మరదలి చెవిన పడింది, మరదలు మొగుడికి చెప్పింది, ఆ షోకిల్లా వెంటనే ఫోను చేశాడు. షోకిల్లా అని పేరు పెట్టింది అతను కాదు, అత్తగారే. చిన్నల్లుడు మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు చొక్కా రంగుకి చేతిరుమాలు రంగు కలిపి తెచ్చుకున్నాడు. "అమ్మాయ్, మీ ఆయనకి చెప్పు, షోకిల్లా గారికి కాఫీ ఏ రంగు కప్పులో ఇవ్వాలో కనుక్కోమని" అంది వంటింట్లోంచి, అతనికి మాత్రమే వినబడేలా. అప్పట్నుంచి వాళ్ళిద్దరి మధ్య ఆ పేరే. ఆ షోకిల్లా ఇప్పుడు "మా సముద్రం" అంటాడు. "పొద్దున్నపూట మా సముద్రం చాలా ప్రశాంతంగా ఉంటుంది అన్నయ్యగారూ." నీ సముద్రమా? దువ్విన ముక్క ఇక్కడ నీదిగాని, ఆ అవతలదంతా ఎవరిది? పోనీ గర్వంగా అంటాడా అంటే అదీ కాదు, నెమ్మదిగా, ఆప్యాయంగా అంటాడు. మనిషి మంచివాడు. అదే క్షమించరానిది. డబ్బున్నవాడు దుర్మార్గుడైతే అవతలివాడికి కాస్త ఊపిరాడుతుంది, వీడు ఆ అవకాశం కూడా ఇవ్వడు. ఆవిడ ఉంటానని అనకముందే స్నానాలగదిలో పట్టుకోవడానికి గోడలకి కడ్డీలు వేయించాడట. తన ఇంట్లో ఆవిడ కుళాయి పట్టుకుని లేస్తుంది. ఆ కుళాయి ఒక పక్కకి వంగింది కూడా. ప్లంబరుకి చెబుతూనే ఉన్నాడు, వాడు వస్తానంటూనే ఉన్నాడు.

కానీ ఇంటికి కడ్డీలేనా కావలసింది? ఆ మాట వస్తే తన ఇంట్లో ఏముంది, మూడో అంతస్తు, లిఫ్టు లేదు, కింద వీధిలో కళ్ళద్దాల దుకాణం. ముందు గదిలో చట్రాల బీరువా, వెనక చీకటిగదిలో గోడకి అక్షరాల పలక, ఎత్తుకుర్చీ, బిళ్ళలు మార్చి మార్చి చూపించే బరువైన ఇనప కళ్ళజోడు. గుడ్డి కన్నా మెల్ల నయమని బోర్డు మీద రాయించుకోవాల్సిన వ్యాపారం. రోజంతా వచ్చేవాళ్ళని ఒకటే అడగడం, ఇది బాగుందా, ఇదా? మళ్ళీ చూడండి, ముందుదా, తరవాతదా? మనుషులు ఎంత భయపడతారో ఆ ప్రశ్నకి. పరీక్ష తప్పుతామన్నట్టు, తప్పు చెబితే ఎవరో కొడతారన్నట్టు, పక్కనున్న పెళ్ళాం వైపో మొగుడి వైపో తిరిగి నువ్వు చెప్పు అంటారు. కన్ను నీదిరా బాబూ, ఆవిడెలా చెబుతుంది? ఎంతమందిని లోలోపల తిట్టుకుని ఉంటాడో అలా.

అత్తగారి కళ్ళు పరీక్ష చేసింది కూడా ఆ గదిలోనే. ఆవిడ వాళ్ళింటికి వచ్చిన కొత్తలో. మామగారు పోయాక పెద్దకూతురి దగ్గరికి వచ్చేసింది, వచ్చిన మర్నాడే కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. అది అతని కుర్చీ. ఎవరికీ చెప్పి ఉండలేదుగాని అతనిదే. "మీ అమ్మకి చెప్పు, అక్కడ ఎండ పడుతుంది, సోఫాలో కూర్చోమని" అన్నాడు భార్యతో. ఒకే ఇంట్లో ఉండటం కొత్త కదా, అత్తగారితో నేరుగా ఏం మాట్లాడతాం అన్న మర్యాద ఒకటి. "మీ ఆయనకి చెప్పు, నాకు ఎండే కావాలని" అంది ఆవిడ. అంతే. అక్కడ మొదలైంది. అప్పుడే ఎవరో ఒకరు తల తిప్పి, కూర్చోండి, ఫరవాలేదు అని ఉంటే అయిపోయేది. మొదట మర్యాద, తరవాత పట్టుదల, ఆ తరవాత అలవాటు, ఇంకా తరవాత అదేదో ఆటలా తయారైంది, ఎవరు ముందు నేరుగా మాట్లాడితే వాళ్ళు ఓడినట్టు. పదేళ్ళు దాటిపోయింది. కుర్చీ ఆవిడకే ఉండిపోయింది. ఆ చీకటిగదిలో, ఆవిడ మొహానికి తన మొహం జానెడు దూరంలో పెట్టి, ఇనప కళ్ళజోడు చెవుల వెనక సర్దుతూ, "మీ అమ్మని అడుగు, ఈ బిళ్ళ బాగుందా, ఇదా?" అని తలుపు దగ్గర నిలబడ్డ భార్యని అడిగాడు. "మీ ఆయనకి చెప్పు, రెండింట్లోనూ ఆయన చొక్కా గుండీ ఊడిపోయిందే కనబడుతోంది" అంది ఆవిడ. భార్య నవ్వలేక, ఏడవలేక, మీ ఇద్దరూ ఏమన్నా చేసుకోండి అని కొట్లోకి వెళ్ళిపోయింది. ఇంక చీకట్లో ఇద్దరే మిగిలారు. అడగడానికి మనిషి లేదు. అతను బిళ్ళ మార్చి గోడ వైపు తిరిగి "ఇదా" అన్నాడు, గోడని అడుగుతున్నట్టు. ఆవిడ ఆ గోడతోనే "అదే" అంది. ఆ జోడే ఇప్పటికీ పెట్టుకుంటోంది, చట్రం మార్చుకుందిగాని నంబరు మారలేదు.

భార్య ఊరెళ్ళినప్పుడు ఇంకా తమాషా. మధ్యవర్తి లేక ఇద్దరూ వస్తువులతో మాట్లాడేవాళ్ళు. "పాలు పొంగిపోతున్నాయి, ఈ ఇంట్లో ఎవరికీ ముక్కు లేనట్టుంది" అని ఆవిడ పాలగిన్నెతో అనేది. "తాళం చెవి ఎక్కడ పెట్టానో, ఆ దేవుడికే ఎరుక" అని అతను చొక్కా జేబుతో అనేవాడు, "రేడియో మీద" అని ఆవిడ కిటికీకి చెప్పేది. భార్య తిరిగొచ్చాక ఇద్దరూ పోటీపడి ఆవిడకి కబుర్లు అప్పజెప్పేవాళ్ళు, వారం రోజుల బాకీ మాటలన్నీ. పాపం ఆ మనిషి, అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసి మోసి అలిసిపోయేది. మోసేటప్పుడు కొంచెం నునుపు చేసేది కూడా. అతను "మీ అమ్మకి చెప్పు, ఆ రేడియో తగ్గించకపోతే పక్కింటివాళ్ళు వచ్చి బిల్లులో వాటా కడతారు" అంటే, "అమ్మా, కాస్త తగ్గిస్తావా" అని చెప్పేది. అసలు మాట ఆవిడ విననే విన్నది కదా, పక్కగదిలోనేగా ఉంది. ముక్కుతో నవ్వేది.

ఆ నవ్వే అతనికి కావలసింది. ఇది అతను ఇంతవరకూ ఎప్పుడూ ఇంత విడిగా అనుకోలేదు, ఈ దిక్కుమాలిన కుర్చీలో కూర్చోబట్టి అనిపించింది. అతని భార్య మంచిది, కూతురు మంచిది. ఎవరినన్నా ఏమన్నా అంటే, పోనీలెండి పాపం అంటారు. మంచివాళ్ళతో మనిషి ఎంతసేపని బతకగలడు? ఆవిడొక్కత్తే ఆ ఇంట్లో ఈ లోకాన్ని చూడవలసిన రీతిలో చూసేది. సాయంత్రం దుకాణం కట్టేసి మేడెక్కి, కాళ్ళు కడుక్కుని, భార్యకి చెబుతున్నట్టు మొదలుపెట్టేవాడు, ఇవాళ ఒకాయన వచ్చాడు, చూపు బాగానే ఉంది, అయినా కళ్ళజోడు కావాలట, ఆఫీసులో గౌరవం పెరుగుతుందట. కిటికీ పక్కనుంచి ఆలస్యం లేకుండా వచ్చేది, "మీ ఆయనకి చెప్పు, మెదడుకి కూడా చట్రం ఉంటే చూపించాల్సిందని." ఆ మాట పట్టుకుని అతను ఇంకోటి, దాన్ని పట్టుకుని ఆవిడ ఇంకోటి, మధ్యలో భార్య కూరగాయలు తరుగుతూ ఇద్దరికీ ఊఁ కొడుతూ ఉండేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని సామెత. వాళ్ళిద్దరి నోళ్ళకీ ఏ ఊరూ మంచిదయ్యే ఆశ లేదు. ఆ గంట కోసమే అతను పగలంతా మనుషుల్ని చూసేవాడేమో. చూసినదాన్ని దాచి, నునుపు చేసి, పైకి మోసుకెళ్ళేవాడు. ఆవిడ లేకపోతే పైకి మోసుకెళ్ళాల్సినవి ఏముంటాయి, కూరగాయలేగా.

"సార్." తెల్ల నిక్కరు వేసుకున్న మనిషి ఒకడు వచ్చి నిలబడ్డాడు, మెడలో విజిల్. "ఈ ముందు వరస ఇళ్ళవాళ్ళకండీ. పసుపు పట్టీలవాళ్ళకి వెనక వరస."

"సముద్రం అక్కణ్ణుంచి కూడా కనబడుతుందా, దానికి వేరే పట్టీ కావాలా?"

"కనబడుతుంది సార్," అన్నాడు వాడు నిమ్మకు నీరెత్తినట్టు. వాణ్ణి అనడంలో అర్థం లేదు. అత్త మీద కోపం దుత్త మీద. అతను లేచి మడతకుర్చీ, మందుల సంచీ, భార్య సంచీ, ఎవరివో చెప్పులు అన్నీ మోసుకుంటూ వెనక వరసకి వచ్చి కూర్చున్నాడు. అవే కుర్చీలు, అదే కోత. ముందు వరస మొత్తం ఖాళీగా ఉంది. ఒక్కడూ కూర్చోని కుర్చీలని కాపాడటానికి ఒక మనిషిని పెట్టి జీతమిస్తున్నారు, వీళ్ళ డబ్బు చూస్తే అసహ్యం వేయట్లేదు, వీళ్ళ ఆలోచన చూస్తే వేస్తోంది. చిన్నప్పుడు అతని తండ్రి సముద్రానికి తీసుకెళ్ళేవాడు, బస్సు దిగి నడవడమే, ఒడ్డునిండా జనం, పల్లీల పొట్లాలు, తడిసిన లాగులు, ఎవరి పిల్లవాణ్ణో ఎవరో పట్టుకుని ఈ పిల్లాడెవరండీ అని అరవడం. కంపు కొట్టేది, నిజమే. కానీ ఆ నీళ్ళలోకి దిగినవాడు ఎవడైనా అది తనదనే అనుకుని దిగేవాడు.

పొద్దున అత్తగారిని మేడమెట్లు దింపింది కూడా అతనే కదా. ఆవిడ నెలల తరబడి కిందికి దిగలేదు. భార్య చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది, "నువ్వు పడితే నేనూ పడతాను" అని. అతను ఒక మెట్టు ముందు దిగి భుజం ఇచ్చి నిలబడ్డాడు. ఆవిడ అరచెయ్యి భుజం మీద వేసింది. మనిషి బరువు ఏమీ లేదు, ఆ చెయ్యి మాత్రం బరువుగా ఉంది. ఎక్కడ ఆగాలో ఆవిడ చెప్పలేదు, అతను అడగలేదు, చెయ్యి కాస్త బిగిస్తే ఆగేవాడు. ఆగినప్పుడల్లా గోడ వైపు చూసేవాడు, ఆయాసపడే మనిషిని చూడకూడదు, చూస్తే ఇంకా ఆయాసం వస్తుంది. పక్కవాళ్ళ తలుపు మీద పెయింటు పెచ్చులు ఎక్కడెక్కడ లేచాయో అంతా చూశాడు. దిగడమే ఇంతసేపు పడితే ఎక్కడమెలా అని భార్య అంది వెనకనుంచి. మోసుకెళతాను అనుకున్నాడు అతను లోపల. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాట పైకి అనాల్సిందేమో.

కూతురు తడిసిన జుట్టుతో వచ్చి తువ్వాలు కోసం సంచీ వెతికింది.

"ఏంటి నాన్నా, ఇంకా ఇక్కడే కూర్చున్నావా? నీళ్ళు ఎంత బాగున్నాయో."

"నీళ్ళకేం. నీళ్ళు ఎవరింటికొచ్చాయో వాటికి తెలీదు."

"అందని ద్రాక్షపళ్ళు పుల్లన."

"నాకు అందినా పుల్లగానే ఉంటాయి." ఏదో మాటవరసకన్నట్టు అడిగాడు. "పైన ఏం చేస్తున్నారు? మీ అమ్మమ్మ ఏమంటోంది?"

"బాబాయ్ ఏవో జోకులేస్తుంటే నవ్వుతోంది."

"ముక్కుతోనా, నోటితోనా?"

"నవ్వడానికి ఎన్ని దార్లుంటాయి నాన్నా?" తువ్వాలు తలకి చుట్టుకుంటూ ఆలోచించింది. "నోటితోనే. అయినా అమ్మమ్మని ఉండొద్దని నీకుంటే నువ్వే వెళ్ళి చెప్పొచ్చుగా."

"నాకేముంది. మీ అమ్మకి చెప్పు, ఏ సంగతీ తొందరగా తేల్చమని, దారిలో చీకటి పడుతుంది."

"మళ్ళీ మొదలెట్టావా," అని అది విసుక్కుంటూ వెళ్ళిపోయింది.

నోటితో. నోరారా నవ్వుతోందంటే నచ్చిందన్నమాట. షోకిల్లా జోకులకి. వాడి జోకులు అతనికి తెలుసు, నలుగురూ నవ్వాక ఇంకోసారి చెబుతాడు. ఆవిడ వాటికి నవ్వుతోందా? వయసు మీదపడి ఆవిడ బుద్ధికి కూడా తుప్పు పట్టిందా, లేక ఇన్నేళ్ళూ ఆవిడ వెక్కిరించింది దేన్నీ వెక్కిరించాలని కాదా, ఊరికే వేరే గతిలేక, మెట్లు దిగలేక, ఒక కిటికీ పక్కన కూర్చున్న మనిషి చెయ్యగలిగింది అదొక్కటే కాబట్టా? అలా అయితే ఎండ పడే గది, కడ్డీలు, సముద్రం దొరికాక ఆవిడకి ఇంక వెక్కిరింపు దేనికి, అల్లుడు దేనికి? ఇది తలుచుకున్నకొద్దీ అతనికి ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. పోనీ, ఉండనీ. దువ్విన ఇసకలో దువ్విన జుట్టుతో కూర్చుని రాళ్ళ సంగీతం వింటుందిగాక. మరుక్షణం కిటికీ పక్క ఖాళీ కుర్చీ కళ్ళముందు ఆడింది. అందులో ఇంక తను కూర్చోవచ్చు, మళ్ళీ తనదే.

వెళ్ళి చెప్పాలి. ఏమని? వద్దండీ, ఇంటికి పోదాం పదండి. ఎంతుంది ఆ మాట, పిల్లాడు కూడా అనగలడు. పెదాలు కదిపి చూసుకున్నాడు. అసలు ముందు ఏమని పిలవాలి? పదేళ్ళలో ఆవిడని పిలిచిన పిలుపే లేదు. అత్తయ్యగారూ అనాలా, ఎప్పుడూ అనని నోటికి అది నాటకంలో మాటలా ఉంది. అత్తయ్యా అంటే మరీ చనువు. ఏమండీ అంటే అది భార్య తనని పిలిచేది. పిలుపు లేకుండా మొదలుపెడితే? పోదాం పదండి, కుడిచేత్తో కారు తాళం ఊపుతూ, మామూలుగా. లేదా ఇంకా నయం, అలవాటు ప్రకారం గాల్లో విసరడం, ఇక్కడ గాలి బాగా ఎక్కువై మనుషుల బుర్రలు కొట్టుకుపోతున్నాయి అని. ఆవిడకి అర్థమవుతుంది. ఆవిడకి అర్థం కానిదేముంది. అవును, అంతే, ఒక్క వెటకారం, అదే చాలు, రోజుకి పది ఆడే మనిషికి ఒకటి తట్టకపోతుందా?

తలెత్తేసరికి ఆవిడే వస్తోంది. ఒక్కతే. చెక్కబాట కడ్డీ పట్టుకుని అక్కడక్కడా ఆగుతూ, బాట అయిపోయాక ఇసకలో ఎలా అని అటూ ఇటూ చూసి, చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, దువ్విన ఇసకని కసకసా తొక్కుకుంటూ. వెనక భార్య లేదు, మరదలు లేదు, కూతురు లేదు. అతను లేచి ఎదురెళ్ళబోయి, వెళితే చెయ్యి పట్టుకోవాలా భుజం ఇవ్వాలా తెలియక అక్కడే నిలబడిపోయాడు. ఆవిడ వచ్చి గొడుగు కర్ర పట్టుకుని ఆగింది. ఆయాసపడుతోంది. అతను సముద్రం వైపు తిరిగాడు, ఆవిడ ఊపిరి కుదురుకునేదాకా.

"పడకగదిలో గోడకి సముద్రం బొమ్మ పెట్టారండీ," అంది ఆవిడ. "ఎదురుగా కిటికీ నిండా సముద్రం కనబడుతుంటే."

ఆ మాట తనతోనే అందని తెలియడానికి అతనికి కొంచెంసేపు పట్టింది. అనాల్సిన జవాబు వెంటనే తట్టింది కూడా, కిటికీ మూస్తే సముద్రం బెంగపెట్టుకుంటుందని కాబోలు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ మాట ఎవరికి అప్పజెప్పాలి? ఎడం పక్కకి చూశాడు, కుడి పక్కకి చూశాడు. ఖాళీ కుర్చీలు, దూరంగా విజిల్‌వాడు. ఎదురుగా ఆవిడ కళ్ళు, తను ఇచ్చిన అద్దాల వెనక పెద్దవిగా, తన మొహం మీదే. ఆ కళ్ళని ఇంత దగ్గర్నుంచి చూసి చాలాకాలమైంది.

"గది చూశాను," అంది ఆవిడ. "వాళ్ళు ఉండమంటున్నారు. మీరేమంటారు బాబూ?"

ఎవరో పెద్దమనిషి ఇంటికొచ్చి సలహా అడిగితే ఏమంటామో, దుకాణంలో ముక్కూమొహం తెలియని మనిషికి ఖరీదైన చట్రం చూపిస్తూ ఏమంటామో, ఆ గొంతు ఎక్కణ్ణుంచో వచ్చేసింది.

"మంచి చోటండీ," అన్నాడు. "గాలి బాగా వస్తుంది."

ఆవిడ ఇంకా ఏదో ఉందేమోనని చూస్తోంది. ఆ ఎదురుచూపుకి ఇంకా కంగారుపడి, "మీ ఆరోగ్యానికి కూడా మంచిది," అని కలిపాడు. పొద్దుట్నుంచి అతను ఈ చోటు గురించి అన్న మొదటి మంచిమాట అది. ఆవిడతో నేరుగా అన్న మొదటి మాట కూడా అదే.

"అవును బాబూ," అంది ఆవిడ. "గాలికేం, బాగానే ఉంది." గొడుగు కర్ర వదిలి, వచ్చిన దారినే తన అడుగుల్లో అడుగులు వేసుకుంటూ వెళ్ళిపోయింది. వెనక నుంచి పిలవడానికి అతనికి పిలుపు దొరకలేదు. అవునా కాదా అన్నట్టు రెండడుగులు వేశాడు, ఆగాడు, మేడ దగ్గర షోకిల్లా పరుగున వచ్చి ఆవిడ చెయ్యి అందుకున్నాడు.

టీ గంట మోగింది. ఎవరూ పిలవలేదు కాబట్టి అతను వెళ్ళలేదు. చాలాసేపటికి భార్య వచ్చింది. మొహం చూడగానే తెలిసిపోయింది.

"అమ్మ ఉండిపోతానంది," అంది భార్య. "మందుల సంచీ ఇవ్వండి, లోపల పెట్టాలి."

అతను సంచీ తీసి ఇచ్చాడు. భార్య తీసుకుందిగాని కదల్లేదు.

"మీరే ఉండమన్నారటగా."

"నేనా? నేనెక్కడన్నాను?"

"మంచి చోటన్నారట. ఆరోగ్యానికి మంచిదన్నారట." పదేళ్ళుగా అందరి మాటలూ నునుపు చేసి మోసిన మనిషి ఈసారి దేన్నీ నునుపు చెయ్యదలుచుకోలేదు. "గది చూపిస్తున్నంతసేపూ అమ్మ వద్దనడానికి వంక వెతుక్కుంటూనే ఉందండీ. పాపం వాళ్ళు అన్నీ అమర్చేసరికి ఏ వంకా దొరక్క, అల్లుణ్ణి ఓ మాట అడిగొస్తానని నన్ను కూడా రావద్దని కిందికొచ్చింది. మీరు ఎప్పట్లా ఒక్క వెటకారం ఆడితే చాలు, అది పట్టుకుని కారెక్కేద్దామని. ఆ ఇసకలో అంతదూరం ఎలా నడిచిందో. పదేళ్ళకి నోరు విప్పి, అదా మీరన్నది?"

దానికి జవాబు ఎవరిచేత చెప్పించాలో అతనికి తెలియలేదు.